దిక్సూచి కింద వెచ్చటి చోటు

మా స్నానాలగదిలో తొట్టికి మా ఆవిడ ఐదంగుళాల ఎత్తున నల్లరంగుతో గీత గీసింది. యుద్ధం అయిపోయేదాకా వేణ్ణీళ్లు ఆ గీత దాటకూడదట, బొగ్గు ఆదా చెయ్యాలట. ఐదంగుళాల నీళ్లలో నాలాంటి శరీరం పడుకుంటే వీపు తడుస్తుంది, పొట్ట తడవదు. బోర్లా తిరిగితే పొట్ట తడుస్తుంది, వీపు గడ్డకడుతుంది. పైగా పక్కింటి బ్యాంకు ఉద్యోగి గిల్‌ఫిలన్ తన తొట్టికి గీత నాలుగున్నర అంగుళాల దగ్గరే గీయించానని చర్చి మెట్ల మీద నలుగురికీ వినపడేలా చెప్పుకున్నాడు. దేశభక్తిలో మమ్మల్ని అరంగుళం మించిపోయాడు. దానికి నేనేదో అపరాధం చేసినట్టు మా ఆవిడ నాకు వారం పాటు చల్లారిన టీ ఇచ్చింది.

వీపు అయి, పొట్ట ఇంకా కాని సమయంలో ఫోన్ మోగింది. విమానాశ్రయం నుంచి స్క్వాడ్రన్ లీడర్ క్రేథోర్న్. వైమానిక దళంలో భద్రతా వ్యవహారాలు చూసే అధికారి. లండన్ నుంచి వచ్చాడు. స్కాట్లండ్‌లోని మా ప్రెస్ట్‌విక్‌లో వర్షం కూడా తన అనుమతి లేకుండానే పడుతోందని ఆయన బాధ.

"ఇన్‌స్పెక్టర్ మెక్‌స్కిమ్మింగ్, నేనొక ద్రోహిని పట్టుకున్నాను. మనిషి మిలిటరీ వాడు కాదు గనక లండన్ తీసుకెళ్లాలంటే జిల్లా పోలీసు అప్పగించాలట. మీరొచ్చి అప్పగించండి. వస్తూ వస్తూ సంకెళ్లు తెండి, మా దగ్గర లేవు."

ఉక్కు సంకెళ్లు కోటు జేబులో వేసుకుని, ముందు భాగం పొడిగానే బయల్దేరాను.

ద్రోహి పేరు వెర్నన్ స్ప్రాగ్. కెనడా గోధుమ పొలాల మధ్య ఒక చిన్న రైల్వే స్టేషన్లో తంతి కొట్టుకుంటూ బతికినవాడు. ఇప్పుడు అమెరికా ఖండంలో తయారైన బాంబర్లని సముద్రం మీదుగా మా ఊరికి తెచ్చి అప్పగించే ముఠాలో రేడియో ఆపరేటరు. ముఠా అని ఎందుకన్నానంటే, వాళ్లని చూస్తే ఎవరికైనా ఆ మాటే వస్తుంది. సగం మంది యూనిఫాం వేసుకుని సెల్యూట్ కొట్టే వైమానిక దళం కుర్రాళ్లు. మిగతా సగం విమానాల్లో టపాలు మోసినవాళ్లు, సర్కస్‌లో గిరికీలు కొట్టినవాళ్లు, పొలాల మీద మందు చల్లినవాళ్లు. వీళ్లు సెల్యూట్ కొట్టాల్సి వస్తే చెయ్యెత్తి చెవి గోక్కుంటారు. అది చూస్తే క్రేథోర్న్‌కి ఒళ్లు మంట.

జరిగింది ఆయనే చెప్పాడు. ఆ తెల్లవారుజామున సముద్రం అవతల గాండర్ నుంచి వచ్చిన హడ్సన్ బాంబరు మా ఊరికి రావలసింది పోయి, శత్రువు చేతిలో ఉన్న ఫ్రాన్సు తీరం మీద తేలింది. కింద నుంచి ఫిరంగులు పేలాయి. దారి చూసే నావిగేటరు ఆష్‌బీకి తొడలో ఇనప ముక్క దిగింది, ఇప్పుడు ఆసుపత్రిలో మందు మత్తులో ఉన్నాడు. కెప్టెన్ టార్‌బాక్స్ విమానాన్ని తిప్పి, ట్యాంకుల్లో ఆవిరి మాత్రమే మిగిలి ఉండగా ఇక్కడ దించాడు.

దారి ఎలా తప్పింది? రాత్రంతా మబ్బే, ఒక్క నక్షత్రం కనపడలేదు. దిక్సూచి ఒక దారి చెప్పింది. దూరపు స్టేషన్ల సంకేతాలు ఏ వైపు నుంచి వస్తున్నాయో విని వెర్నన్ లెక్కగట్టిన దారి ఇంకోటి. కెప్టెన్ ఎటూ తేల్చుకోలేక రెండింటికీ మధ్యలో పోనిచ్చాడు. అత్తాకోడళ్లిద్దరికీ కోపం రాకుండా మధ్యలో నడిచే మగవాడు ఏ గోతిలో పడతాడో ఆయన కూడా అందులోనే పడ్డాడు.

"దిగగానే దిక్సూచిని పరీక్ష చేయించాను. నిక్షేపంలా ఉంది. బయల్దేరే ముందు గాండర్‌లోనూ నిక్షేపంలా ఉంది," అన్నాడు క్రేథోర్న్. "యంత్రం అబద్ధం చెప్పలేదంటే చెప్పింది ఎవరు? సాయంత్రం రైలుకి వీణ్ణి తీసుకుపోతున్నాను. యుద్ధకాలంలో ఇలాంటి పనికి శిక్ష ఏమిటో మీకు తెలుసు."

తెలుసు. ఉరి.

వెర్నన్ గార్డు రూములో ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా, ఎండలో మర్చిపోయిన మొక్కజొన్న కంకిలా ఉన్నాడు. నిద్ర లేదు. నేను మంచిగా అడిగాను, చెడ్డగా అడిగాను, ఊరి గురించి అడిగాను, వాళ్లమ్మ గురించి అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పాడు. ప్రయాణం గురించి మాత్రం ఒకటే మాట: తన లెక్కలు సరైనవే. అలా అయితే దిక్సూచి తప్పయి ఉండాలి కదా, అది తప్పు కాదని తేలింది కదా అంటే మళ్లీ అదే మాట అన్నాడు.

"అబ్బాయ్, దిక్సూచి దగ్గర ఏదైనా తేడాగా కనిపించిందా?" అన్నాను.

అంతదాకా నా మొహంలోకి చూస్తున్నవాడు చప్పున కిటికీ వైపు తిరిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

"కెప్టెన్ గారిని ఏమీ అనకండి సార్. ఆయన మంచివారు," అన్నాడు.

నేను కెప్టెన్ ఊసే ఎత్తలేదు. బయటికొచ్చి విమానం చూస్తానన్నాను. క్రేథోర్న్ వాచీ చూసుకున్నాడు. జిల్లా పోలీసులకి విమానం ఎక్కే అర్హత ఉందా అని అడిగాడు. నేను ఎక్కడానికి కాదు, దూరడానికి వెళ్తున్నానని చెప్పాను. నిజంగానే దూరాల్సి వచ్చింది. హడ్సన్ తలుపు నా కొలతలు తీసుకుని చేసింది కాదు.

ముందు గదిలో కెప్టెన్ కుర్చీ, దాని ఎదురుగా గడియారాల్లాంటి పలకలు, వాటి మధ్య దిక్సూచి. దాని కింద మోకాళ్ల ఎత్తున వేడి గాలి వచ్చే గొట్టం మూతి. ఆ గూట్లో చెయ్యి పెట్టాను. మనిషి కాళ్లు వెచ్చగా ఉండేందుకు చేసిన చోటు. మిగతా విమానమంతా సముద్రం మీద మంచుగడ్డే.

క్రేథోర్న్ పక్కన నిలబడి పాఠం చెప్పడం మొదలెట్టాడు. విమానాన్ని ఏయే దిక్కులకి తిప్పి ఈ ముల్లుని ఎలా సరిచూస్తారో, ఇది ఎంత నమ్మదగినదో, తన సొంత గడియారం కంటే దీన్నే ఎందుకు ఎక్కువ నమ్ముతాడో వివరించాడు. "చూడండి. ఉత్తరం. ఎంత కదలకుండా ఉందో చూడండి."

నేను బాగా చూద్దామని ముందుకి వంగాను. ఉత్తరం కాస్తా పక్కకి జరిగింది.

"ఏం ముట్టుకున్నారు?" అన్నాడు క్రేథోర్న్.

ఏమీ ముట్టుకోలేదు. వెనక్కి జరిగాను. ముల్లు తన చోటుకి తను వచ్చింది. మళ్లీ వంగాను. మళ్లీ జరిగింది. నా బరువుకి ఉత్తర ధ్రువమే కదులుతోందని ఒక్క క్షణం గర్వపడ్డాను. తర్వాత కోటు జేబులో బరువు గుర్తొచ్చింది. సంకెళ్లు తీసి గూటి దగ్గర పెట్టాను. ముల్లు సిగ్గుపడ్డ పెళ్లికూతురిలా మొహం తిప్పేసుకుంది.

"ఇనుము దగ్గరగా ఉంటే ముల్లు తిరుగుతుంది. అది స్కూలు పిల్లలకి కూడా తెలుసు," అన్నాడు క్రేథోర్న్. "అయితే ఏమంటారు? ఎవరో పోలీసు సంకెళ్లు పెట్టుకుని సముద్రం దాటారంటారా?"

"సంకెళ్లని అనను. ఏదో ఒకటి. గాండర్‌లో పరీక్ష అయ్యాక పెట్టారు. ఇక్కడ పరీక్ష చెయ్యకముందే తీశారు."

"పెట్టింది వెర్నన్ అయి ఉండొచ్చుగా?"

ఆ మాటా నిజమే. గూట్లోకి లాంతరు పట్టుకుని చూశాను. గొట్టం అంచున నాలుగు గడ్డి పరకలు ఇరుక్కుని ఉన్నాయి. కింద రేకు మీద గుండ్రంగా ఏదో ఒరుసుకున్న గీత. దాని పక్కన ఎండిపోయిన పసుపు చుక్క, బొటనవేలి గోరంత.

"గ్రీజు," అన్నాడు క్రేథోర్న్.

నేను వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ఒక్కసారి కళ్లు మూసుకోవాల్సి వచ్చింది. ఇంటింటికీ డబ్బాలో పంచే గుడ్డు పొడిని నీళ్లలో కలిపి, దాన్ని అట్టు అని పిలిచి, దానికి చాకూ ఫోర్కూ పట్టుకుని మర్యాదగా తినే ఇంట్లో నుంచి వచ్చిన మనిషిని. నాలిక మోసపోదు.

"కోడిగుడ్డు సొన. పొడి కాదు. అసలు కోడి పెట్టిన అసలు గుడ్డు."

"మీరు సాక్ష్యాన్ని నాకేశారు, ఇన్‌స్పెక్టర్."

"సగమే నాకాను. సగం మీకు ఉంచాను."

ఆయన ఆ సగం వైపు చూశాడు. చూసిన చూపులో గుడ్డుకి మొహం వాచిన లండన్ అంతా ఉంది. కానీ ముట్టుకోలేదు, మర్యాద అడ్డొచ్చింది. రైలు వేళకి సరైన వస్తువూ, సరైన మనిషీ తన ముందుండాలనీ, లేదంటే వెర్నన్ బండెక్కుతాడనీ చెప్పి దిగిపోయాడు.

గుడ్డు మా ఊళ్లోకి వస్తే ఎక్కడికి వెళ్తుందో కనిపెట్టడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, ముక్కు చాలు. కెప్టెన్ టార్‌బాక్స్ బస చేసేది ఎఫీ మెక్‌క్లమ్‌ఫా ఇంట్లో. ఎఫీ, నేనూ ఒకే బడిలో చదువుకున్నాం. భర్త పోయాక గదులు అద్దెకిచ్చుకుంటోంది. ఆమె చేసే కేకు ఒకప్పుడు చర్చి సంబరాల్లో మొదటి బహుమతి. పొడి గుడ్లొచ్చాక ఆ కేకు పొంగడం మానేసింది. పోయిన సంబరాల్లో మిసెస్ గిల్‌ఫిలన్ ఆ కేకుని రెండు వేళ్లతో నొక్కి, "పాపం, ఎఫీ," అందట. ఆ "పాపం" అనే మాట మీద ఎఫీ మూడు రోజులు తలుపు తీయలేదని ఊరంతా చెప్పుకుంది.

వీధి మలుపు దగ్గరే కేకు వాసన తగిలింది. తలుపు లోపల గొళ్లెం పెట్టి ఉంది. నేను కొట్టగానే లోపల గిన్నెలు సర్దిన చప్పుడు, ఎవరో కుర్చీ తన్నుకున్న చప్పుడు.

"ఎవరది?"

"నేనే, గావిన్‌ని."

"గావిన్‌గా వచ్చావా, పోలీసుగా వచ్చావా?"

"ఇంకా తేల్చుకోలేదు. తలుపు తీస్తే చెప్తాను."

వంటగదిలో పొయ్యిలో కేకు పొంగుతోంది, కెప్టెన్ టార్‌బాక్స్ పూలపూల వంటకోటు కట్టుకుని, దాని మీద పూతకి వెన్న గిలక్కొడుతున్నాడు. యాభై దాటిన మనిషి. ఉత్తర కెనడాలో మంచు మీద విమానాలు దించి దించి చెవి తమ్మె ఒకటి చలికి రాలిపోయింది. నన్ను చూసి చిన్నపిల్లాడిలా గిన్నె వీపు వెనక్కి పెట్టుకున్నాడు. బల్ల మీద గుండ్రటి ఇనప రేకు బిస్కెట్ డబ్బా, మూత మీద మంచుకొండల బొమ్మ, లోపల గడ్డి. గడ్డిలో ఇంకా పది పన్నెండు గుడ్లు. డబ్బా అంచున పసుపు చార.

నేను జేబులోంచి చిన్న దిక్సూచి తీసి, డబ్బా పక్కన పెట్టాను. విమానాశ్రయంలో అడిగి తెచ్చింది. ముల్లు గిర్రున డబ్బా వైపు తిరిగింది. టార్‌బాక్స్ దాన్ని చూశాడు. గిన్నె బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూలబడ్డాడు.

ఆయన చెప్పిందంతా ఒకే ఊపిరిలో వచ్చింది. ఇంతకుముందూ తెచ్చాడట, అట్టపెట్టెలో. విమానంలో ఎక్కడ పెట్టినా గడ్డకట్టి పగిలేవి, కాళ్ల దగ్గర వెచ్చటి గూట్లో తప్ప. అక్కడ పెడితే ఒక్కటీ చెడలేదు. ఈసారి అట్టపెట్టె తడిసి చిరిగిపోతే గాండర్ క్యాంటీన్ ఆవిడ గట్టి డబ్బా ఇచ్చిందట.

"జీవితమంతా కంపాస్ దగ్గరికి సుత్తి తెచ్చినవాణ్ణి తిట్టినవాణ్ణి నేను," అన్నాడు. "కానీ ఇది నాకు ఇనుములా కనపడలేదయ్యా. నా బుర్రలో ఇది గుడ్లు. కంపాస్ తేడాగా ఉందని వెర్నన్ మొత్తుకున్నాడు. నేను కాళ్ల మధ్య డబ్బా పెట్టుకుని వాణ్ణే అనుమానించాను."

"ఆ వెర్నన్‌ని సాయంత్రం లండన్ తీసుకెళ్తున్నారు," అన్నాను. "ద్రోహి అని."

ఆయనకి తెలియదు. దిగిన దగ్గర్నుంచి ఇందాకటిదాకా నిద్రపోయాడు, వెర్నన్ ఆష్‌బీతో ఆసుపత్రిలో ఉన్నాడనుకున్నాడు. వంటకోటుతోనే లేచి తలుపు వైపు నడిచాడు. ఎఫీ అడ్డం నిలబడింది.

"ఎక్కడికి? వెళ్లి ఒప్పుకుంటే మిమ్మల్ని మళ్లీ ఇటు రానిస్తారా?"

"రానివ్వరు ఎఫీ గారూ."

"ఆ అబ్బాయికి అది తెలుసు. అందుకే నోరు మెదపలేదు," అన్నాను నేను.

ఎఫీ గుడ్ల డబ్బాకి మూత పెట్టింది. తర్వాత పక్కకి తప్పుకుంది. కొక్కేనికున్న ఆయన టోపీ తీసి, వంటకోటు ముడి విప్పి, టోపీ చేతికిచ్చింది. "వెళ్లండి. ఒకరి కొడుకుని ఉరికంబం ఎక్కించి తినే కేకు నాకు గొంతు దిగదు. అయినా కేకు పొయ్యిలో పెట్టకముందే చెప్పొచ్చుగా గావిన్, ఇప్పుడు పొయ్యి తలుపు తీస్తే అణిగిపోతుంది."

పొయ్యి తలుపు తీయలేదు. అది వేరే సంగతి.

గడప దాటుతుండగా పోలీసు బుద్ధి కొద్దీ ఒక ప్రశ్న అడిగాను. ఈ వెచ్చటి గూడు సంగతి ఇంకెవరికైనా తెలుసా అని.

టార్‌బాక్స్ నడవడం ఆపాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషని నాకప్పుడే అర్థమైంది. తెలియనివాడెవడని అడగాలట. గాండర్‌లో భోజనాల బల్ల దగ్గర బొమ్మ గీసి మరీ చూపించాడు. ఈస్టరు పండగ వస్తోంది. ప్రెస్ట్‌విక్‌లో బస చేసే ప్రతివాడూ తన ఇంటావిడకి గుడ్లు తెస్తానని మాటిచ్చాడు. క్యాంటీన్ ఆవిడ డబ్బాలు వరసగా పేర్చి పెట్టింది.

"ఎప్పుడు బయల్దేరతారు వాళ్లు?"

"ఇవాళే."

వయసు, పొట్ట రెండూ మర్చిపోయి పరిగెత్తాను.

క్రేథోర్న్ గురించి ఇంతదాకా ఏమన్నా, ఒక మాట ఒప్పుకోవాలి. డబ్బా, దిక్సూచి, ఏడుపు మొహంతో కెప్టెన్, ముగ్గురినీ బల్ల మీద పెట్టగానే ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా గాండర్‌కి తంతి పంపాడు: సామానంతా ఎక్కించాక దిక్సూచులు మళ్లీ సరిచూడండి, అంతవరకు ఎవర్నీ ఎగరనీయకండి. గుడ్ల మాట ఎత్తలేదు. ఎందుకెత్తలేదని అడిగితే, తన బస యజమానురాలు కూడా ఈస్టరు గురించి మాట్లాడుతోందని గొణిగాడు.

జవాబు త్వరగానే వచ్చింది. అన్నీ ఆపారు, ఒక్కటి తప్ప. వాతావరణం పాడవుతోందని ఒక హడ్సన్ పొద్దున్నే బయల్దేరిపోయింది. ఇప్పటికి సముద్రం మధ్యలో ఉంటుంది. దారి పొడుగునా మబ్బు, నక్షత్రాల ఆశ లేదు. అందులో రేడియో ఆపరేటరు ఆంబ్రోజ్ కెర్ల్యూ. గాండర్‌లో వెర్నన్ పక్క మంచం.

"వాళ్ల దగ్గర డబ్బా ఉందా?" అన్నాను.

టార్‌బాక్స్ తల దించుకున్నాడు. "ఎక్కడ పెట్టాలో ఆ కెప్టెన్‌కి నా చేత్తో చూపించి వచ్చాను."

వెర్నన్‌ని గార్డు రూములోంచి రేడియో గదికి తీసుకొచ్చారు. విషయం చెప్పగానే వాడు నా వైపు చూడలేదు, క్రేథోర్న్ వైపు చూడలేదు, నేరుగా వెళ్లి తంతి కొట్టే మోర్స్ మీట ముందు కూర్చున్నాడు. కెప్టెన్ వాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పబోయాడు. వాడు ఆ చేతిని ఒక్కసారి తట్టి, చెవులకి వినికిడి డొప్పలు తగిలించుకున్నాడు. క్షమాపణ అయిపోయింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. గాల్లో ఉన్నవాళ్లు వింటారు గానీ బదులివ్వకూడదు. శత్రువు మా స్టేషన్ల వేషం కట్టి దొంగ సందేశాలు పంపుతాడు గనక, దారి మార్చుకోమని ఎవరు చెప్పినా నమ్మకూడదని వాళ్లకి ఆజ్ఞ. వెర్నన్ కొడితే మాత్రం ఆంబ్రోజ్ నమ్ముతాడు. మనిషి మీట కొట్టే తీరు నడక లాంటిదట, గుర్తుపట్టేస్తాడట. సరే, ఏం కొట్టాలి? రహస్య సంకేతాల్లో గాలికి మాట ఉంది, మంచుకి మాట ఉంది, జలాంతర్గామికి మాట ఉంది. కోడిగుడ్డుకి లేదు. యుద్ధశాఖ వారికి ఆ ఆలోచన రాలేదు.

దిక్సూచి తప్పు అని కొట్టమన్నాడు క్రేథోర్న్. టార్‌బాక్స్ ఒప్పుకోలేదు. అలా అంటే వాళ్లు దిక్సూచిని విప్పి చూస్తారే తప్ప డబ్బాని ముట్టుకోరు, తనూ ముట్టుకోలేదు కదా అన్నాడు. పోనీ గుడ్డు అని మామూలు మాటల్లో కొడదామంటే, మధ్యలో వినే శత్రువుకి ఒక బాంబరు దారి తప్పి గుడ్డిగా వస్తోందని తెలిసిపోతుంది, వాడు దొంగ సంకేతాలతో తన వైపు లాక్కుంటాడు. అందుకని మాట మామూలుగా ఉండాలి, పనికిరానిదిగా ఉండాలి, ఆ విమానంలో ఉన్నవాళ్లకి మాత్రమే డబ్బా గుర్తురావాలి, గుర్తొచ్చి దాన్ని దూరంగా జరపాలి.

"ఇంకో సంగతి," అన్నాడు క్రేథోర్న్, ఈసారి గొంతు తగ్గించి. "డబ్బా ముల్లుని తిప్పుతుందని తేలింది. ఈ అబ్బాయి లెక్కలు సరైనవని ఇంకా తేలలేదు. ఆ విమానం డబ్బా జరిపి, సరిగ్గా ఇక్కడ దిగితే తప్పంతా డబ్బాదేనని నేను నమ్ముతాను. నా పైవాళ్లూ నమ్ముతారు. దిగకపోతే రేపటి రైలు ఉంది."

వెర్నన్ అది విన్నాడు. విననట్టే ఉన్నాడు. వేలు మీట మీద పెట్టి నా వైపు తిరిగాడు.

"ఎక్కువ కొట్టలేం సార్. నాలుగు మాటలు. చెప్పండి, ఏం కొట్టమంటారు?"

నన్నే ఎందుకు అడిగాడో తెలియదు. గదిలో సంసారం చేసిన అనుభవం ఎక్కువ ఉన్నవాణ్ణి నేనే అని కాబోలు. ఇది చదువుతున్న అయ్యా, అమ్మా, మీరూ గృహస్థులే. పక్కవాళ్లకి తెలియకుండా ఇంటివాళ్లకి మాత్రం అర్థమయ్యేలా పదిమందిలో ఒక మాట ఎలా అంటారో మీకు తెలియకపోదు. భోజనానికి పిలవని చుట్టం వచ్చినప్పుడు, కూర చాలదని వంటింట్లోకి ఏం సైగ చేస్తారు? దాచినది తీసెయ్యమని పిల్లాడికి ఏమని చెప్తారు? మా ఆవిడని ఫోన్‌లో అడిగాను, ముందు తొట్టిలో నీళ్లు తీశావా లేదా అంది. టార్‌బాక్స్ గోడకి తల ఆనించి నిలబడ్డాడు. క్రేథోర్న్ నా నోటి వైపు చూస్తున్నాడు. ఆ మబ్బులో ముగ్గురు మనుషులు కాళ్ల దగ్గర వెచ్చగా డబ్బా పెట్టుకుని, గంట గంటకీ దక్షిణానికి జరుగుతున్నారు. కుర్రాడి వేలు మీట మీదే ఉంది. నాలుగు మాటలు, అంతే. మీకేదైనా తడితే దయచేసి ఇప్పుడే చెప్పండి.